రేడియేటర్ మూత మీద చెయ్యి పెట్టే ముందు ఈ వీడియో చూడండి

 

ఈ రోజు ఎపిసోడ్‌లో కొత్త ఫోన్ లేదు, కొత్త యాప్ లేదు. నా చేతిలో ఉన్న ఈ చిన్న వస్తువు గురించే మాట్లాడుకుందాం. (అరచేతిలో రేడియేటర్ మూత చూపిస్తూ) కార్లకి, లారీలకి, ట్రాక్టర్లకి రేడియేటర్ మీద ఉండే మూత ఇది. దీని మీద 0.9 అని ఒక అంకె ఉంది, కనిపిస్తోందా? పక్కనే వేడిగా ఉన్నప్పుడు తీయకండి అని హెచ్చరిక కూడా ఉంది. అది ఇంగ్లిష్‌లో ఉంది. మన షెడ్డుల్లో ఈ మూత తీసే కుర్రాళ్లలో ఎంతమంది దాన్ని చదువుతారు చెప్పండి?

నేను చదివాను. చదవడం వచ్చు, అర్థం కూడా తెలుసు. అయినా తీయమని చెప్పాను. ఆ కథే ముందు చెప్తాను. ఇన్నాళ్లూ ఈ ఛానెల్‌లో ఎప్పుడూ చెప్పలేదు.

2016 మే నెల. నాది అప్పుడు బీటెక్ మెకానికల్ రెండో సంవత్సరం అయిపోయింది. సెలవులు. మా మావయ్యకి విజయవాడ ఆటోనగర్‌లో లారీల షెడ్డు ఉండేది. అమ్మ, 'ఇంట్లో ఫోన్ పట్టుకుని కూర్చునే బదులు మావయ్య దగ్గరికెళ్లి నాలుగు నట్లు విప్పరా, చదువుకి పనికొస్తుంది' అని పంపింది. ఆ ఏడాది ఆగస్టులో కృష్ణా పుష్కరాలు. ఘాట్ల పనులు, రోడ్ల పనులు రాత్రీపగలూ నడుస్తున్నాయి. ఎక్కడ చూసినా టిప్పర్లే. పైన మే నెల బెజవాడ ఎండ. బండి హీటెక్కిందంటూ రోజుకి ఒకటైనా షెడ్డుకి వచ్చేది.

షెడ్డులో ఒక హెల్పర్ కుర్రాడు ఉండేవాడు. పేరు చెప్పను. నాకంటే ఏడాది చిన్న. అప్పుడే పద్దెనిమిది నిండాయి. నన్ను 'అన్నా' అనేవాడు. టెన్త్ తర్వాత చదువు ఆపేశాడు గానీ పని మాత్రం నాకంటే పదింతలు వచ్చు. ఇంజన్ శబ్దం విని ఏ సిలిండర్ తేడాగా ఉందో చెప్పేసేవాడు. నేను థర్మోడైనమిక్స్‌లో 78 మార్కులు తెచ్చుకున్నానని అక్కడ పెద్ద హీరోలా తిరిగేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం రెండింటికి ఇసుక టిప్పర్ ఒకటి వచ్చింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి. మావయ్య స్పేర్ పార్టుల షాపుకి వెళ్లాడు. డ్రైవర్ అన్నకి ఓనర్ నుంచి ఫోన్ మీద ఫోన్. ఆయన మమ్మల్ని తొందరపెట్టాడు: 'తమ్ముడూ, కాస్త నీళ్లు పోసెయ్యండమ్మా, ఇంకా రెండు ట్రిప్పులున్నాయి.' కుర్రాడు ఒక్క క్షణం ఆగాడు. నా వంక చూశాడు. నేను బకెట్ పట్టుకుని ఉన్నాను. 'ఏం కాదులేరా, గుడ్డ పెట్టి తీసెయ్' అన్నాను.

వాడు వేస్టు గుడ్డ వేసి తిప్పాడు. తర్వాత నాకు గుర్తున్నది శబ్దమే. టైరు పేలినట్టు కాదు, పెద్ద బుస. మూత ఎగిరిపోయింది. వేడినీళ్లు, ఆవిరి కలిసి నిలువెత్తు పైకి లేచాయి. వాడు మొహం పక్కకి తిప్పాడు కాబట్టి కళ్లు దక్కాయి. కుడి చెంప, మెడ, ఛాతీ, కుడి చెయ్యి మోచేతి దాకా కాలిపోయాయి.

అక్కడితో ఆగలేదు మా తెలివి. పక్క షెడ్డు నుంచి ఒకాయన పరిగెత్తుకొచ్చి టూత్‌పేస్ట్ పూశాడు. ఇంకొకాయన ఇంకు తెమ్మన్నాడు. తడిసిన చొక్కా వాడి ఒంటి మీదే ఉంది. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్తే, అక్కడ నర్సు ఆ పేస్టంతా కాలిన చర్మం మీద నుంచి కడిగి తీసింది. వాడి అరుపు ఇప్పటికీ నా చెవిలో ఉంది, ఫ్రెండ్స్.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఆసుపత్రి కాగితం మీద ఎలా కాలిందో రాయాలి. షెడ్డు నుంచి వచ్చిన వాళ్లలో ఒకాయన నా చెవిలో 'ఇంట్లో స్నానానికి కాచిన నీళ్లు పడ్డాయని రాయి, లేకపోతే మీ మావయ్యకి లేనిపోని తలనొప్పి' అన్నాడు. అక్కడ ఇంగ్లిష్ రాయడం వచ్చిన వాణ్ణి నేనొక్కణ్ణే. ఇంట్లో కాలిందని రాసేశాను. ఆ ఒక్క లైన్ వాడికి ఎంత నష్టం చేసిందో చివర్లో చెప్తాను.

ముందు అసలు ఎందుకు అలా పేలింది? మెకానికల్ వాడిగా ఇది నా వంతు.

నీళ్లు ఎన్ని డిగ్రీల దగ్గర మరుగుతాయి? 100 అంటారు. అది మూత లేని గిన్నెలో. ప్రెషర్ పెరిగితే మరిగే డిగ్రీ కూడా పెరుగుతుంది. మన ఇంట్లో ప్రెషర్ కుక్కర్ పని చేసేది ఇలాగే. లోపల నీళ్లు దాదాపు 120 డిగ్రీల దాకా వెళ్తాయి, అందుకే కందిపప్పు తొందరగా ఉడుకుతుంది. రేడియేటర్ కూడా అచ్చం కుక్కరే. ఈ మూత మీద 0.9 అంటే, బయటి గాలి ప్రెషర్ కంటే ఇంకో 0.9 బార్ ఎక్కువ వచ్చేదాకా ఈ స్ప్రింగ్ వాల్వ్ తెరుచుకోదు. ఆ ప్రెషర్ దగ్గర మామూలు నీళ్లు మరగాలంటే సుమారు 118 డిగ్రీలు కావాలి. కూలెంట్ కలిపితే ఇంకా పైకి వెళ్తుంది. ఇంజన్ వేడిగా నడుస్తూ కూడా లోపలి నీళ్లు ఆవిరైపోకుండా ఉండటానికే ఈ ఏర్పాటు. మూత మంచిదే. తీసే టైమే తప్పు.

ఇప్పుడు అసలు పాయింట్. 118 డిగ్రీల దగ్గర ఉన్న నీళ్ల మీద నుంచి మనం మూత తీసేశాం అనుకోండి. ప్రెషర్ ఒక్కసారిగా పడిపోతుంది. ఇప్పుడు ఆ నీళ్లు 100 డిగ్రీల కంటే పైన నీళ్లలా ఉండలేవు. ఆ పద్దెనిమిది డిగ్రీల అదనపు వేడి ఎక్కడికి పోవాలి? నీళ్లలో కొంత భాగాన్ని అప్పటికప్పుడు ఆవిరి చేసేస్తుంది. లెక్క వేద్దాం. లారీలో 20 లీటర్ల నీళ్లు ఉన్నాయనుకుంటే, అందులో దాదాపు 700 గ్రాములు ఆవిరవుతాయి. 700 గ్రాములేగా అనుకోకండి. నీళ్లు ఆవిరైతే దాదాపు 1,600 రెట్లు చోటు కావాలి. అంటే వెయ్యి లీటర్ల పైన ఆవిరి. అదంతా బయటికి రావడానికి ఉన్న దారి ఈ చిన్న కన్నం ఒక్కటే. దాని పైన ఏముంది? మన మొహం ఉంది. వచ్చే ఆవిరి ఒంటరిగా రాదు, మిగిలిన మరిగే నీళ్లని కూడా తోసుకుంటూ వస్తుంది.

ఆవిరి ఎందుకు అంత ఘోరంగా కాలుస్తుందో కూడా చూడండి. ఒక కిలో మరిగే నీళ్లు మన ఒంటి వేడికి చల్లారేలోపు సుమారు 260 కిలోజౌళ్ల వేడి ఇస్తాయి. అదే కిలో ఆవిరి మన చర్మం మీద నీరుగా మారేటప్పుడే 2,250 పైన ఇస్తుంది. ఆ తర్వాత ఆ నీళ్ల వేడి అదనం. 70 డిగ్రీల నీళ్లు ఒక్క సెకను తగిలితేనే చర్మం గట్టిగా కాలుతుంది. మనం మాట్లాడుతున్నది 100 గురించి.

ఇదంతా నాకు 2016లోనే తెలుసు. స్టీమ్ టేబుల్స్ పుస్తకం పరీక్ష హాల్లోకి తీసుకెళ్లి లెక్కలు చేసినవాణ్ణి. ఆ టేబుల్‌కి, ఎదురుగా ఉన్న టిప్పర్‌కి సంబంధం ఉందని మాత్రం నా బుర్రకి తట్టలేదు. మా అమ్మ స్టీమ్ టేబుల్స్ చూడలేదు. కానీ కుక్కర్ దించాక విజిల్ ఎత్తి చూసి, ఆవిరి మొత్తం పోయాకే మూత తీస్తుంది. మనమేమో షెడ్డులో అదే కుక్కర్ మీద గుడ్డ వేసి తిప్పేస్తాం. గుడ్డ అరచేతిని కాస్త కాపాడుతుందేమో, మొహాన్ని ఎలా కాపాడుతుంది? పైగా ఆ గుడ్డ వేడినీళ్లు పీల్చుకుని చేతికే అంటుకుంటుంది.

మరి ఏం చేయాలి? ఈ పార్ట్ సేవ్ చేసుకోండి. లారీ నడిపే అన్నయ్య ఉంటే, ట్రాక్టర్ ఉన్న బాబాయ్ ఉంటే పంపండి.

ఒకటి, ముల్లు ఎరుపులోకి వెళ్లినా, ఆవిరి కనిపించినా ఏసీ ఆపి, బండి పక్కకి తీసి, ఇంజన్ ఆపండి. ఆవిరి వస్తుండగా బానెట్ ఎత్తొద్దు. ముల్లు కిందికి పడిపోయింది కదా అని కూడా నమ్మొద్దు. నీళ్లన్నీ కారిపోతే సెన్సార్ ఉత్త గాలిలో ఉంటుంది, ముల్లు తప్పు చూపించొచ్చు.

రెండు, ఆగాలి. కారుకి కనీసం అరగంట. లారీ, బస్సు, జేసీబీలాంటి పెద్ద ఇంజన్లకి గంట, ఇంకా ఎక్కువే పట్టొచ్చు. ఇంజన్ ఆపిన వెంటనే పంపు ఆగిపోతుంది కాబట్టి, మొదటి కొన్ని నిమిషాలు లోపల వేడి తగ్గకపోగా ఇంకాస్త పెరుగుతుంది. బానెట్ ఎత్తాక ఫ్యాన్ దగ్గర చేతులు పెట్టొద్దు. కార్లలో కరెంటు ఫ్యాన్ ఇంజన్ ఆపాక కూడా తనంతట తానే తిరుగుతుంది.

మూడు, గంట అయిందని గుడ్డిగా తీయొద్దు. మందపాటి గ్లౌజు వేసుకుని పైన హోస్ పైపుని నొక్కి చూడండి. గట్టిగా, ఉబ్బి ఉంటే లోపల ప్రెషర్ ఉన్నట్టే. మెత్తగా నొక్కుకుపోయి, మూత మామూలుగా ముట్టుకోగలిగేంత చల్లబడితే అప్పుడు తీయండి. అప్పుడు కూడా మొహం పక్కకి పెట్టి, మొదటి గాడి దగ్గర ఆగండి. చాలా మూతలకి రెండు మెట్లుంటాయి. మొదటి మెట్టు మిగిలిన ప్రెషర్ పోవడానికి. బుసమని వినిపిస్తే చెయ్యి తీసేసి మళ్లీ ఆగండి. అది పూర్తిగా పోయాకే నొక్కి తిప్పాలి.

నాలుగు, 'పక్కన ప్లాస్టిక్ డబ్బా ఉందిగా, అందులో పోస్తాం' అంటారు కొందరు. చాలా కొత్త కార్లలో ఆ డబ్బా కూడా ప్రెషర్ కిందే ఉంటుంది. దాని మూత కూడా అంతే ప్రమాదం. ఇంకోటి, కాలుతున్న ఇంజన్‌లో చన్నీళ్లు గుమ్మరిస్తే హెడ్డు చీలిపోవచ్చు. తొందరపడి అరగంట మిగుల్చుకుందామనుకుంటే ఇంజన్ పనే పెట్టుకోవాల్సి వస్తుంది. ఓనర్లకి ఈ మాట చెప్తే కాస్త వింటారు.

ఐదు, అసలు ఇంతదాకా రాకుండా చూడటం. ఫ్యాన్ బెల్టు, హోస్ పైపులు, వాటర్ పంపు దగ్గర కారుడు, రేడియేటర్ జాలీ చూసుకోండి. వరికోత మిషన్లు నడిపే వాళ్లు ముఖ్యంగా. ఊక, దుమ్ము జాలీకి పట్టేస్తే గాలి ఆడదు, ఇంజన్ ఉడికిపోతుంది. పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు జాలీ దులపడం, నీళ్లు చూడటం పది నిమిషాల పని.

సరే, ఇంత చెప్పినా కాలింది అనుకోండి. అప్పుడు?

మొదటి మందు నీళ్లు. ధారగా పడే నీళ్ల కింద 20 నిమిషాలు. గడియారం చూసి ఇరవై. నిమిషానికే ఆపేస్తాం మనం. పైపైన చల్లబడినా చర్మం కింద వేడి ఇంకా కాలుస్తూనే ఉంటుంది. వెంటనే కుదరకపోయినా, కాలిన మూడు గంటల్లోపు నీళ్లు పోసినా ఉపయోగం ఉంటుంది. ఐస్ పెట్టొద్దు. ఇంకో చిన్న విషయం. మే నెలలో షెడ్డు పైన ట్యాంకు నీళ్లు ఎలా ఉంటాయో మీకు తెలుసు. కుళాయి తిప్పి ముందు మీ చేతి మీద పోసుకుని చూడండి. వేడిగా వస్తుంటే నీడలో ఉన్న డ్రమ్ము నీళ్లో, తాగే క్యాన్ నీళ్లో పోయండి.

నీళ్లు పోస్తూనే తడిసిన చొక్కా తీసేయండి. అది వేడిని ఒంటికి పట్టి ఉంచుతుంది. చర్మానికి అంటుకుపోతే లాగొద్దు, చుట్టూ కత్తిరించండి. ఉంగరం, వాచీ, చేతి కడియం వాపు రాకముందే తీయాలి. కళ్లలో పడితే ఆపకుండా మంచినీళ్లతో కడగాలి. టూత్‌పేస్ట్, ఇంకు, పసుపు, కొబ్బరినూనె, గ్రీజు, కోడిగుడ్డు ఏదీ వద్దు. బొబ్బలు చిదపొద్దు. శుభ్రమైన పల్చటి గుడ్డ వదులుగా కప్పి ఆసుపత్రికి తీసుకెళ్లండి. మొహం, కళ్లు, చేతులు, కీళ్ల దగ్గర కాలితే చిన్నదైనా డాక్టర్ చూడాల్సిందే. గొంతు బొంగురుపోయినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే 108. ఆవిరి లోపలికి పీల్చి ఉండొచ్చు.

ఇప్పుడు ఆ ఇంగ్లిష్ లైన్ దగ్గరికి వద్దాం.

వాడు దాదాపు రెండు నెలలు పనికి రాలేకపోయాడు. మందుల ఖర్చు మావయ్య పెట్టుకున్నాడు, అది నిజం. ఆ రెండు నెలల జీతం మాత్రం రాలేదు. వాళ్లమ్మ ఇళ్లల్లో పని చేసేది, అదనంగా రెండిళ్లు ఒప్పుకుంది. ఎవరో తెలిసినాయన చెప్పి వాళ్లు అడగబోతే, 'కాగితం మీద ఇంట్లో కాలిందని ఉందిగా' అని నోరు మూయించారు. ఆ కాగితం మీద ఉన్నది నా చేతిరాత.

పని చేస్తుండగా దెబ్బ తగిలితే పరిహారం దయ కాదు, హక్కు. మన దేశంలో దీనికి 1923 నుంచే చట్టం ఉంది. యంత్రంతో నడిచే బండ్ల రిపేరు పని చేసేవాళ్లు అందులో ఉన్నారు. ముగ్గురు పనిచేసే చిన్న షెడ్డు అయినా సరే. పది మంది, అంతకు మించి ఉన్న చోట ఈఎస్ఐ వర్తిస్తుంది. నెల జీతం 21,000 లోపు ఉండాలి. ఈఎస్ఐ ఉన్నవాడికి పనిలో గాయమైతే, కోలుకునేదాకా జీతంలో 90 శాతం వస్తుంది. చేరిన మొదటి రోజు గాయమైనా వర్తిస్తుంది. 2025 నవంబర్ 21 నుంచి ఇవన్నీ సామాజిక భద్రతా కోడ్ కిందికి వచ్చాయి. పేరు మారింది గానీ హక్కు పోలేదు. షెడ్డు ఓనర్ కాదంటే కార్మిక శాఖ ఆఫీసుకి వెళ్లొచ్చు.

వీటన్నిటికీ పునాది ఒక్కటే, ఆసుపత్రి కాగితం. ఎక్కడ, ఏ పని చేస్తుండగా కాలిందో ఉన్నదున్నట్టు రాయించండి. షెడ్డులో పని చేస్తున్నట్టు ఆధారాలు దాచుకోండి. జీతం ఫోన్‌లో వేసిన మెసేజ్‌లు, వాట్సాప్‌లో 'రేపు తొందరగా రా' అన్న వాయిస్ మెసేజ్ కూడా పనికొస్తుంది. ఇంకా, బ్యాంకు ఖాతా ఉంటే ఏడాదికి 20 రూపాయలతో ప్రధానమంత్రి సురక్షా బీమా ఉంది. ప్రమాదంలో చనిపోయినా, రెండు కళ్లు పోయినా 2 లక్షలు, ఒక కన్ను పోతే లక్ష. మామూలు కాలిన గాయాలకి అది రాదు, అది కూడా తెలిసి ఉండాలి.

ఆ కుర్రాడికి ఇప్పుడు సొంత షెడ్డు ఉంది. ఇద్దరు హెల్పర్లు. మెడ మీద మచ్చ అలాగే ఉంది. ఈ ఎపిసోడ్ కోసం పోయిన నెల వెళ్లాను. కెమెరా ముందుకి రానన్నాడు. సరే అన్నాను. టీ తాగుతూ, తొమ్మిదేళ్లుగా అనలేని మాట అన్నాను. 'ఆ రోజు తీయమన్నది నేనే కదరా, ఆ కాగితం రాసింది కూడా నేనే' అని.

వాడు కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, 'తీయమన్నది నువ్వని కాదన్నా. నువ్వు లేకపోయినా డ్రైవర్ తొందరకి తీసేవాణ్ణే. కానీ నువ్వు చదువుకున్నోడివి కదా, ఆగమంటావేమోనని ఒకసారి నీ మొహం చూశా' అన్నాడు. కాగితం గురించి ఏమీ అనలేదు. నేను రెట్టించి అడగలేదు.

మేం మాట్లాడుతుండగానే ఒక బొలెరో పికప్ పొగలు కక్కుకుంటూ వచ్చింది. డ్రైవర్ దిగుతూనే 'అర్జెంటు అన్నా' అన్నాడు. వీడు లేచి వెళ్లి, బండి తాళం తీసి తన జేబులో వేసుకుని, డ్రైవర్‌కి కుర్చీ చూపించాడు. హెల్పర్ కుర్రాణ్ణి పిలిచి టీ చెప్పి రమ్మన్నాడు. ఆ షెడ్డులో రూల్ అదే. హీటెక్కిన బండి వస్తే తాళం మేస్త్రీ జేబులోకి, డ్రైవర్‌కి టీ. టీ డబ్బులు షెడ్డువే.

మీలో చాలామందికి లారీ ఉండదు, షెడ్డు ఉండదు. రోడ్డు పక్కన బానెట్ ఎత్తి ఎవరో మూత మీద గుడ్డ వేస్తున్నప్పుడు మీరు పక్కన నిలబడే ఉంటారు. వాళ్లు ఒకసారి మీ మొహం చూస్తారు. అప్పుడు 'ఆగన్నా, అరగంట ఆగు' అని చెప్పండి.

ఇదే ఫ్రెండ్స్ ఈ రోజు ఎపిసోడ్. ఎండలు జాగ్రత్త. మళ్లీ కలుద్దాం. ఉంటాను.